ఒజిబ్వే ఊళ్లో యూత్ క్లబ్బు మొదలుపెట్టాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తర మిన్నెసోటాకీ, విస్కాన్సిన్‌కీ, కెనడాలో ఒంటారియో, మానిటోబా ఉత్తరపు ఊళ్లకీ టీచర్లుగా, నర్సులుగా, సోషల్ వర్కర్లుగా వెళ్లే తెలుగువాళ్లు ఈమధ్య నాకు తరచూ తగులుతున్నారు. వెళ్లిన కొన్నాళ్లకే చాలామంది అడిగేది ఒకటే: ఇక్కడి పిల్లలకి సాయంత్రం పూట పోవడానికి చోటు లేదు, ఒక క్లబ్బులాంటిది పెడదామనుంది, ఎలా? నేను ఒక ఒజిబ్వే రిజర్వేషన్‌లో యూత్ క్లబ్బుకి వాలంటీరుగా వెళ్తుంటాను. ఆ ఊరి పేరు రాయను, అక్కడి పిల్లల సంగతులు చెప్పే హక్కు నాకు లేదు. కానీ అడిగిన ప్రతివాళ్లకీ విడివిడిగా చెప్పే జవాబులు ఒక్కచోట ఉంటే పనికొస్తాయని ఇది రాస్తున్నాను.

ఒజిబ్వేలంటే ఎవరు? రెడ్ ఇండియన్లేనా?

ఆ మాట మన పాత పుస్తకాల్లో ఉండిపోయింది, అక్కడ మాత్రం అనకండి, నొచ్చుకుంటారు. వాళ్లు తమని అనిషినాబే అని చెప్పుకుంటారు. ఒజిబ్వే అన్నా చిప్పెవా అన్నా ఆ జనమే, ప్రభుత్వ కాగితాల్లో చిప్పెవా అని ఎక్కువ కనిపిస్తుంది. లేక్ సుపీరియర్ చుట్టూ, అక్కణ్నుంచి పడమరగా నార్త్ డకోటా, మానిటోబా దాకా వాళ్ల ఊళ్లున్నాయి. ఒక్క మిన్నెసోటాలోనే ఏడు ఒజిబ్వే రిజర్వేషన్లు ఉన్నాయి: రెడ్ లేక్, వైట్ ఎర్త్, లీచ్ లేక్, ఫాండ్ డు లాక్, మిల్ లాక్స్, బాయిస్ ఫోర్ట్, గ్రాండ్ పోర్టేజ్. విస్కాన్సిన్‌లో మరో ఆరు. ఇక్కడ రిజర్వేషన్ అంటే ఉద్యోగాల కోటా కాదు. ఒప్పందాల తర్వాత తెగకి మిగిలిన సొంత నేల అది, దానికి సొంత ప్రభుత్వం ఉంటుంది, చాలాచోట్ల సొంత కోర్టు, సొంత పోలీసులు కూడా ఉంటారు. కెనడాలో ఆ నేలని రిజర్వ్ అనీ, ఆ ఊరివాళ్లని ఫస్ట్ నేషన్ అనీ అంటారు. ఈ సొంత ప్రభుత్వం సంగతి బాగా గుర్తుపెట్టుకోండి, కింద చెప్పేవాటిలో సగం దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

బయటివాళ్లం, అందులోనూ ఇండియా నుంచి వచ్చినవాళ్లం. మేం పెట్టొచ్చా?

మీరు పెట్టకూడదు. ఊరివాళ్లు పెట్టాలి, మీరు వాళ్లతో కలిసి పనిచేయాలి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు, బయటివాళ్లు సొంతంగా తెచ్చిపెట్టిన కార్యక్రమాలు ఆ ఊళ్లు ఎన్నో చూశాయి, గ్రాంటు అయిపోగానే మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయిన మనుషుల్నీ చూశాయి. పిల్లలు ఇంకా బాగా చూశారు. అందుకే మొదటి నెలల్లో మీరు ఎంత మంచిగా ఉన్నా "ఈవిడ ఎన్నాళ్లుంటుందో చూద్దాం" అన్నట్టే ఉంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

మొదట చేయాల్సిన పని ఊళ్లో ఇప్పటికే ఏముందో చూడటం. చాలా రిజర్వేషన్లలో ఏదో ఒక రూపంలో యూత్ ప్రోగ్రాం ఉంటుంది. బాయ్స్ అండ్ గర్ల్స్ క్లబ్బు (దేశమంతా శాఖలున్న పిల్లల క్లబ్బుల సంస్థ) ఉండొచ్చు, బడి తర్వాత బాస్కెట్‌బాల్ నడిపే ఒక మేనమామ ఉండొచ్చు, తన వంటింట్లో పదిమంది పిల్లలకి పూసలల్లడం నేర్పే ఒక అమ్మమ్మ ఉండొచ్చు. ఆ మేనమామకి వ్యాన్ నడిపే మనిషి కావాలేమో అడగండి. చాలాసార్లు కొత్త క్లబ్బుకంటే అదే ఎక్కువ అవసరం.

సరే, ఊళ్లో నిజంగానే ఏమీ లేదు. ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ముందు పిల్లల దగ్గరికి, తర్వాత వాళ్ల ఇళ్లలో పెద్దవాళ్ల దగ్గరికి, ఆ తర్వాత ట్రైబల్ కౌన్సిల్ దగ్గరికి. కౌన్సిల్ అనుమతి తప్పనిసరి, కానీ నలుగురు అమ్మమ్మలు మీ పక్కన కూర్చుని ఉన్నప్పుడు కౌన్సిల్ సమావేశం వేరే రకంగా జరుగుతుంది.

అనుమతి నోటిమాటగా వదిలేయకండి, తీర్మానం రాయించుకోండి. కెనడాలో దాన్ని బ్యాండ్ కౌన్సిల్ రిజల్యూషన్ అంటారు. ఇండియన్ యాక్ట్ ప్రకారం ఎన్నికలు జరిగే ఊళ్లలో రెండేళ్లకోసారి చీఫ్, కౌన్సిల్ మారొచ్చు, కొత్తగా వచ్చినవాళ్లకి పాతవాళ్లు ఏం ఒప్పుకున్నారో తెలియాలి కదా. మిన్నెసోటా చిప్పెవా ట్రైబ్ కింద ఉన్న ఆరు రిజర్వేషన్లలో పదవీకాలం నాలుగేళ్లు, కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. రెడ్ లేక్ ఆ ఆరింటిలో లేదు, దాని ప్రభుత్వం వేరు, అక్కడి భూమి మొత్తం తెగ ఉమ్మడి ఆస్తి, బయటివాళ్ల రాకపోకల మీద నిబంధనలు కూడా గట్టివి. ఒక రిజర్వేషన్‌లో చెల్లిన పద్ధతి పక్క రిజర్వేషన్‌లో చెల్లుతుందనుకోకండి.

పెద్దల్ని ఏదైనా అడిగేటప్పుడు పొగాకు ఇవ్వాలంటారు. నిజమేనా?

నిజమే. కథ చెప్పమని, పాట నేర్పమని, పిల్లల కోసం ప్రార్థన చేయమని ఒక పెద్దని అడిగేటప్పుడు అసేమా, అంటే పొగాకు, ముందు చేతికి అందిస్తారు. చిన్న పొట్లం చాలు, చాలామంది చిన్న గుడ్డముక్కలో కట్టి ఇస్తారు. తీసుకున్నారంటే మీ కోరికని మన్నించినట్టు. తీసుకోకపోతే బలవంతం చేయకండి, ఎందుకని అడగకండి. తర్వాత ఆ పెద్దకి పెట్రోలు ఖర్చు, భోజనం, కాస్త గౌరవ పారితోషికం మీ బడ్జెట్‌లో ఉండాలి. కన్సల్టెంట్‌కి గంటకింత అని లెక్కగట్టి ఇచ్చి, డెబ్బై ఏళ్ల జ్ఞానాన్ని మాత్రం ఊరికే తీసుకునే పద్ధతి నాకు నచ్చదు.

ఒక జాగ్రత్త కూడా ఉంది. కొన్ని కుటుంబాలు క్రైస్తవులు, వాళ్లకి ఈ పద్ధతులు వద్దనిపించొచ్చు. అలాంటి ఇంటి పిల్లలు కూడా మీ క్లబ్బుకి వస్తారు. ధూపం వేసేటప్పుడు పక్కకి నిలబడే వీలు ప్రతి పిల్లవాడికీ ఉండాలి.

ఎంత చేసినా తల్లిదండ్రులు నమ్మడం లేదు. ఎందుకు?

పిల్లల మంచి కోసమే అంటూ వచ్చిన బయటివాళ్లు ఆ ఇళ్ల నుంచి పిల్లల్ని ఎత్తుకెళ్లారు కాబట్టి. అమెరికాలో 1879లో తెరిచిన కార్లైల్ లాంటి బోర్డింగ్ స్కూళ్లు, కెనడాలో 1990ల దాకా సాగిన రెసిడెన్షియల్ స్కూళ్లు పిల్లల జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే శిక్షించి, ఎంతోమందిని తిరిగి ఇంటికి చేర్చకుండానే నేలలో కలిపాయి. కెనడా సత్యశోధన, సయోధ్య కమిషన్ 2015లో, చేయాల్సిన పనుల గురించి 94 పిలుపులతో తన నివేదికలు ఇచ్చింది. అమెరికా ప్రభుత్వం 2022లో, 2024లో దర్యాప్తు నివేదికలు విడుదల చేసింది, 2024 అక్టోబరులో అప్పటి అధ్యక్షుడు బైడెన్ క్షమాపణ చెప్పాడు. ఈ బడుల్లో చదివిన మనుషులు ఇంకా ఉన్నారు, మీ క్లబ్బుకి వచ్చే పిల్లల తాతలు, నానమ్మలు వాళ్లే.

బడులు తగ్గాక పిల్లల సంక్షేమ శాఖల వంతు వచ్చింది, తెగల ఇళ్ల నుంచి అంతమంది పిల్లల్ని తెల్లవాళ్ల ఇళ్లకి తరలిస్తుంటే దాన్ని ఆపడానికే 1978లో ఇండియన్ చైల్డ్ వెల్ఫేర్ చట్టం చేయాల్సి వచ్చింది. సుప్రీంకోర్టు 2023లో కూడా ఆ చట్టాన్ని నిలబెట్టింది. కాబట్టి మీరు ఒక ఫారం పట్టుకుని "ఇంట్లో ఎంతమంది ఉంటారు, ఆదాయమెంత" అని మొదటిరోజే అడిగితే ఆ తల్లి మనసులో ఏం మెదులుతుందో ఆలోచించండి. పేరు, ఏవైనా అలర్జీలు, ఎవరికి ఫోన్ చేయాలి. మొదట్లో ఈ మూడూ చాలు.

పోలీసు తనిఖీలు అవసరమా? ఊరంతా తెలిసినవాళ్లే కదా?

అవసరం, ఎవరికీ మినహాయింపు లేదు. అమెరికాలో 1990 నాటి పిల్లల రక్షణ చట్టం ప్రకారం ఫెడరల్ నిధులు తీసుకునే తెగలు పిల్లలతో పనిచేసేవాళ్ల నేపథ్యం పరిశీలించాలి. కెనడాలో పోలీసుల దగ్గర వల్నరబుల్ సెక్టర్ చెక్ చేయించుకోవాలి. ఇద్దరు పెద్దవాళ్లు లేనిదే తలుపు తెరవకూడదన్న నియమం మొదటిరోజు నుంచే పెట్టండి. తర్వాత పెడితే ఎవరినో అనుమానించి పెట్టినట్టు ఉంటుంది.

ఏ వయసు పిల్లల్ని తీసుకోవాలి?

బాయ్స్ అండ్ గర్ల్స్ క్లబ్బులు 6 నుంచి 18 దాకా తీసుకుంటాయి. తెగల యువజన మండళ్లని కలిపే యూనిటీ అనే జాతీయ సంస్థ 14 నుంచి 24 ఏళ్ల వాళ్లతో పనిచేస్తుంది. మీరు కాగితం మీద 12 నుంచి 18 అని రాసుకున్నా, పదిహేనేళ్ల అమ్మాయి తన నాలుగేళ్ల తమ్ముణ్ని చంకనేసుకుని వస్తుంది, ఎందుకంటే అమ్మ క్యాసినోలో రాత్రి షిఫ్టులో ఉంది. వాణ్ని వద్దంటే ఆ అమ్మాయి కూడా రాదు. కాబట్టి మూలన ఒక చాప, బొమ్మలు, రంగు పెన్సిళ్లు సిద్ధంగా ఉంచి ఆ తమ్ముడికీ క్లబ్బులో చోటివ్వండి.

చోటు ఎక్కడ? రోజులెప్పుడు?

కమ్యూనిటీ సెంటర్ లేదా బడి వ్యాయామశాల. వారానికి ఒక్కరోజే అయినా పర్వాలేదు, అదే రోజు, అదే వేళ, మారకుండా. క్లబ్బు గురించి నన్ను ఒక్క ముక్కలో చెప్పమంటే ఇదే చెబుతాను: చెప్పిన వేళకి తలుపు తెరిచి ఉండాలి. ఆ పిల్లల జీవితాల్లో మాట తప్పిన పెద్దవాళ్లు, వాయిదాపడ్డ సంగతులు చాలా ఉన్నాయి. మంగళవారం 5 గంటలకి అన్నారంటే బయట మైనస్ ముప్పై ఉన్నా మంగళవారం 5 గంటలకి లైట్లు వెలగాలి.

చోటుకంటే పెద్ద సమస్య రవాణా. రిజర్వేషన్ అంటే ఒక వీధిలో సర్దుకున్న ఊరు కాదు, అడవుల మధ్య మైళ్ల దూరంలో విడివిడిగా ఉన్న ఇళ్ల గుంపులు. వ్యాన్ లేకపోతే సెంటరు పక్కన ఉండే ఐదారుగురే వస్తారు. తెగ వ్యాన్ ఏదైనా సాయంత్రాలు ఖాళీగా ఉంటుందేమో, బడి బస్సు ఒక ట్రిప్పు ఆలస్యంగా నడుపుతారేమో మొదట అడగాల్సింది అదే. రాత్రి దింపేటప్పుడు పిల్లవాడు లోపలికి వెళ్లి తలుపు వేసుకునేదాకా వ్యాన్ కదలకూడదు.

మొదటి నెలల్లో ఏం చేయించాలి?

తిండి పెట్టండి, బంతి ఇవ్వండి, పక్కన కూర్చోండి. పాఠ్యప్రణాళిక ఏమీ వద్దు. పిజ్జా, చిల్లీ, మాకరోనీ సూప్, అప్పుడప్పుడూ ఊళ్లో ఎవరైనా వేటాడి తెచ్చిన జింక మాంసం. అమెరికాలో బడి తర్వాత నడిచే కార్యక్రమాలకి వ్యవసాయ శాఖ భోజన పథకం ఉంది, ఆ ప్రాంతపు బడిలో కనీసం సగం మంది పిల్లలు ఉచిత లేదా తగ్గింపు భోజనానికి అర్హులైతే చాలు, చాలా రిజర్వేషన్ బడులకి ఆ అర్హత ఉంది. కాగితాల పని ఎక్కువే, కానీ వారం వారం మీ జేబులోంచి పిజ్జాలు కొనడం ఎన్నాళ్లు సాగుతుంది?

ఇక సంస్కృతి? అది నేర్పడమే కదా అసలు పని?

నేర్పేది మీరు కాదు. మీ పని నేర్పే మనిషినీ పిల్లల్నీ ఒకచోట చేర్చడం, సామాను సిద్ధం చేయడం, తర్వాత గిన్నెలు కడగడం. ఒజిబ్వేల ఏడాది రుతువుల పనులతో నడుస్తుంది కాబట్టి క్లబ్బు క్యాలెండరు కూడా అలాగే రాసుకోండి, గ్రాంటు త్రైమాసికాల ప్రకారం కాదు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులు రాగానే మేపుల్ చెట్లకి గొట్టాలు దిగ్గొట్టి రసం పడతారు. నలభై లీటర్ల రసం మరిగితే ఒక లీటరు పాకం. చెరుకు రసం కాచి బెల్లం తీసే చోట చలికాలపు తెల్లవారుజామున నిలబడ్డవాళ్లకి ఆ పొగ, ఆ తీపి వాసన కొత్తగా అనిపించవు. పిల్లలకి ఇందులో నచ్చేది మంట. రాత్రంతా కట్టెలు వేస్తూ కూర్చోవాలి, ఆ కూర్చున్నప్పుడే పెద్దవాళ్లు మాట్లాడతారు, బడిలో నోరు విప్పని కుర్రాడు కూడా అక్కడ మాట్లాడతాడు.

ఆగస్టు చివర, సెప్టెంబరులో మనోమిన్, అంటే సరస్సుల్లో తనంతట తాను పండే వైల్డ్ రైస్. ఒజిబ్వేల వలస కథలోనే ఉంది, నీటి మీద తిండి పెరిగే చోటు దొరికేదాకా పడమరకి సాగమని వాళ్లకి చెప్పారని. పడవలో ఇద్దరుంటారు. ఒకరు నిలబడి పొడవాటి గెడతో పడవని నెడతారు, రెండోవాళ్లు కూర్చుని చేతుల్లో రెండు తేలికపాటి దేవదారు కర్రలతో, ఒకదానితో కంకుల్ని పడవ మీదికి వంచి రెండోదానితో మెల్లగా తాటిస్తారు. పండిన గింజ మాత్రమే రాలుతుంది, పచ్చిది కంకికే ఉంటుంది, కొంత నీళ్లలో పడి వచ్చే ఏడాదికి విత్తనమవుతుంది. గట్టిగా కొట్టే పిల్లవాణ్ని పెద్దవాళ్లు వెంటనే ఆపుతారు. పొడవు చేతుల చొక్కా వేయించండి, గింజల ముళ్లు గుచ్చుకుంటాయి, కంకుల్లో ఉండే పురుగులు కుడతాయి. లైఫ్ జాకెట్ లేనిదే ఎవరూ పడవెక్కకూడదు. ఒడ్డుకి తెచ్చాక ఎండబెట్టి, ఇనప బానలో తెడ్డుతో తిప్పుతూ వేయించి, గుంటలో పోసి కొత్త మొకాసిన్లతో, అంటే మెత్తటి తోలు చెప్పులతో, తొక్కి, బర్చ్ బెరడు చాటల్లో చెరుగుతారు. తొక్కే పని ఎప్పుడూ తేలికైన పిల్లలకే ఇస్తారు, బరువైనవాళ్లు తొక్కితే గింజ విరుగుతుంది. అంటే ఆ పనిలో చిన్నపిల్లలు నిజంగా అవసరం, ఊరికే బుజ్జగించడానికి ఇచ్చిన పని కాదు. ఏ సరస్సు ఎప్పుడు తెరవాలో, ఎవరు కోయొచ్చో తెగ నిర్ణయిస్తుంది, ముందే కనుక్కోండి.

చలికాలంలో కథలు. ఒజిబ్వేల పురాణ నాయకుడు నానబోజో కథలు నేల మీద మంచు ఉన్నప్పుడే చెబుతారు. జూలైలో క్యాంపు పెట్టి ఆ కథలు చెప్పమని పెద్దల్ని అడగకండి.

నాకు భాష రాదు, పిల్లలకీ రాదు. ఎలా?

చాలాచోట్ల చిన్నప్పటి నుంచీ ఒజిబ్వే మాట్లాడుతూ పెరిగినవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లే. అయినా భాష తిరిగి నిలబెట్టడానికి జరుగుతున్న పని చిన్నది కాదు. విస్కాన్సిన్‌లోని లాక్ కూర్ట్ ఒరేయ్‌లో వాడూకోడాడింగ్ అనే బడి పాఠాలన్నీ ఒజిబ్వేలోనే చెబుతుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయం నడిపే ఒజిబ్వే పీపుల్స్ డిక్షనరీలో పెద్దల గొంతుతో ఉచ్చారణలు ఉచితంగా వినొచ్చు. చాలా ఊళ్లలో వారానికోసారి భోజనం చేస్తూ భాష మాట్లాడుకునే లాంగ్వేజ్ టేబుల్ జరుగుతుంది, మీ క్లబ్బుని దాని పక్కరోజు కాకుండా అదే రోజు పెడితే పిల్లలు రెండిటికీ వస్తారు.

క్లబ్బు గోడల మీద తలుపు, కుర్చీ, నీళ్లు అన్నీ ఒజిబ్వేలో రాసి అంటించండి, కానీ ఊరివాళ్లు వాడే రాతలోనే. మిన్నెసోటాలో రోమన్ అక్షరాల్లో అచ్చుని రెండుసార్లు రాసే పద్ధతి ఎక్కువ, ఉత్తర ఒంటారియోలో సిలబిక్స్ లిపి కనిపిస్తుంది. రాగానే బూజూ, అంటే నమస్కారం. ఏదైనా ఇచ్చినప్పుడు, సాయం చేసినప్పుడు మీగ్వెచ్, అంటే థాంక్స్. ఇంగ్లీషు తప్ప మరో భాషతో పెరిగినవాళ్లుగా మీకు ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది, ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష ఉండటం మామూలేనని మిమ్మల్ని చూస్తే పిల్లలకి తెలుస్తుంది.

డ్రమ్ గ్రూపు, పౌవౌ (తెగల పాటలు, నాట్యాల జాతర) డ్యాన్సులు క్లబ్బులో పెట్టొచ్చా?

పెట్టొచ్చు, అక్కడి డ్రమ్ పెద్ద ఒప్పుకుంటే. డ్రమ్‌ని వాళ్లు వాయిద్యంలా కాదు, ప్రాణమున్నదానిలా చూస్తారు. మీద వస్తువులు పెట్టకూడదు, ఒంటరిగా వదిలేయకూడదు, మత్తులో ఉన్నవాళ్లు దగ్గరికి రాకూడదు. ఆడపిల్లలు డ్రమ్ దగ్గర కూర్చోవచ్చా, వెనక నిలబడి పాడాలా అన్నది ఊరికో పద్ధతి, అందులో మీ అభిప్రాయం మీ దగ్గరే ఉంచుకోండి.

అమ్మాయిలు ఎక్కువగా అడిగేది జింగిల్ డ్రెస్. 1918 ఫ్లూ మహమ్మారి రోజుల్లో జబ్బుపడ్డ ఒక అమ్మాయి కోసం ఈ నాట్యం కలలో వచ్చిందని ఒజిబ్వేలు చెబుతారు. మిల్ లాక్స్‌లోనా, ఒంటారియోలోని వైట్‌ఫిష్ బేలోనా అన్నదానికి రెండు ఊళ్లకీ తమ కథలున్నాయి. పొగాకు డబ్బాల మూతల్ని చుట్టి శంకువులుగా చేసి గౌనుకి వరసలుగా కుడతారు, అడుగేస్తే వాన చినుకుల చప్పుడు. ఇది వైద్యం చేసే నాట్యం కాబట్టి వేసుకునే ముందు ఆ డ్యాన్సర్లలో పెద్దావిడ ఎవరైనా అమ్మాయిలతో మాట్లాడాలి. కుట్టు పనికి చలికాలం మొత్తం పడుతుంది, అక్టోబరులో మొదలుపెడితే వేసవి పౌవౌలకి అందుతుంది. నామకరణాలు, మిడేవివిన్ అనే ఆధ్యాత్మిక సంఘం పూజలు మాత్రం క్లబ్బు పరిధిలోకి రావు, అసలు ఎత్తొద్దు.

ఆటల సంగతి?

బాస్కెట్‌బాల్, హాకీ అంటే ప్రాణం. ఒంటారియోలో ఫస్ట్ నేషన్స్ పిల్లల కోసం 1971లో మొదలైన లిటిల్ నేటివ్ హాకీ లీగ్‌కి ఊళ్లకి ఊళ్లే కదిలి వెళ్తాయి. లాక్రోస్ వాళ్ల సొంత ఆట, పెద్ద సరస్సుల తెగల కర్రకి చివర చిన్న గుండ్రటి బుట్ట ఉంటుంది, ఆ కర్ర చేయడం తెలిసినవాళ్లు దొరికితే పిల్లలతో చేయించండి.

డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది? క్యాసినో ఉంది కదా?

క్యాసినోలున్న తెగలన్నీ ధనికం అనుకోవడం పొరపాటు. మహానగరాల పక్కన ఉన్న కొన్నిటికి బాగానే వస్తుంది, ఉత్తరాన అడవుల్లో ఉన్నవాటి ఆదాయం ఉద్యోగాలకీ, ఆసుపత్రులకీ, ఇళ్లకీ సర్దుబాటు చేయడానికే చాలదు.

తెగ బడ్జెట్‌లో చిన్న పద్దు అడగండి, చిన్నదైనా అది ఉంటే మిగతా నిధులిచ్చేవాళ్లు నమ్ముతారు. తెగల పిల్లల చదువు కోసం ఇచ్చే 1934 నాటి జాన్సన్-ఓమాలీ చట్టం నిధులు బడి ద్వారా వస్తుంటాయి, వాటిని ఎలా ఖర్చుపెట్టాలో చెప్పడానికి తల్లిదండ్రుల కమిటీ ఉంటుంది, ఆ కమిటీ సమావేశానికి వెళ్లండి. ఇక ఊరివాళ్లే చేసే నిధుల సేకరణ ఉంది, అది నాకు అన్నిటికంటే ఇష్టం. శుక్రవారం మధ్యాహ్నం ట్రైబల్ ఆఫీసు ముందు ఫ్రైబ్రెడ్ టాకోలు (నూనెలో వేయించిన రొట్టె మీద కూరలు వేసి ఇచ్చేవి) అమ్ముతారు. ఒకావిడ పిండి కలుపుతుంది, పిల్లలు టమాటాలు తరుగుతారు, ఆఫీసువాళ్లంతా లైను కడతారు. ఆ డబ్బుకి రిపోర్టులు రాయక్కర్లేదు.

లాభాపేక్ష లేని సంస్థగా రిజిస్టర్ చేయాలా?

తొందరేం లేదు. తెగ ప్రభుత్వంలో ఒక కార్యక్రమంగా నడిస్తే అసలు అక్కర్లేదు, విరాళాల విషయంలో అమెరికా పన్ను చట్టం తెగ ప్రభుత్వాల్ని రాష్ట్రాల మాదిరిగానే చూస్తుంది. విడిగా పెట్టుకోవాలంటే ఏడాదికి 50,000 డాలర్ల లోపు రాబడి ఉండే చిన్న సంస్థలకి సులువైన దరఖాస్తు ఉంది, రుసుము 275 డాలర్లు. కానీ విడిగా పెడితే బోర్డు, లెక్కలు, బీమా అన్నీ మీ నెత్తినే. బీమా మాత్రం రెండు దారుల్లోనూ చూసుకోవాలి, పడవలు, వ్యాన్లు ఉన్నచోట అది లేకుండా ఒక్కరోజు కూడా నడపొద్దు.

నిర్ణయాలు పిల్లలకే వదిలేయాలా?

వదిలేయండి, నిజంగా. పేరు వాళ్లే పెట్టాలి, నియమాలు వాళ్లే రాయాలి, చిన్న మొత్తమైనా కొంత డబ్బు ఎలా ఖర్చుపెట్టాలో వాళ్లే తేల్చాలి. రెండో ఏడాదికల్లా ఒక యువజన మండలి ఎన్నుకోనివ్వండి, 1976లో మొదలైన యూనిటీకి ఇలాంటి మండళ్లతో పనిచేసిన అనుభవం ఉంది. గ్రాసీ నారోస్ అనే ఒంటారియో ఊరి సంగతి వినండి. డ్రైడెన్‌లోని కాగితం మిల్లు 1960లలో టన్నుల కొద్దీ పాదరసాన్ని వాళ్ల నదిలో కలిపింది, ఆ జబ్బులతో ఊరు ఇప్పటికీ బాధపడుతోంది. 2002 డిసెంబరులో అడవి నరికే లారీలకి అడ్డంగా దారి మూసినవాళ్లలో ముందు నిలబడింది ఆ ఊరి కుర్రాళ్లూ అమ్మాయిలే. ఆ పిల్లలకి టీ షర్టు రంగు ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చి "యువ నాయకత్వం" అంటే సరిపోదు.

అంటే క్లబ్బులోకి రాజకీయాలు రావొచ్చా?

ఒప్పందాల హక్కులు వాళ్లకి ఇంటి సంగతులు. 1980ల చివర్లో విస్కాన్సిన్‌లో ఒజిబ్వేలు తమ హక్కు ప్రకారం రాత్రిపూట ఈటెలతో చేపలు పడుతుంటే పడవల రేవుల దగ్గర గుంపులు రాళ్లు రువ్వి బూతులు తిట్టాయి. అప్పుడు పడవలో ఉన్న మనిషి ఇప్పుడు మీ క్లబ్బులో తాత. 1837 ఒప్పందంలోని వేట, చేపల హక్కు చెల్లుతుందని అమెరికా సుప్రీంకోర్టు 1999లో మిల్ లాక్స్ కేసులో తీర్పిచ్చింది. ఆ తాతని పిలిచి కూర్చోబెట్టండి, మీరు వినండి. పార్టీల ఎన్నికలు, కౌన్సిల్ ఎన్నికలు మాత్రం గుమ్మం బయటే, ముఖ్యంగా మీరు ఎవరివైపూ మాట్లాడకూడదు.

ఫోటోలు తీసి పెట్టొచ్చా? దాతలు అడుగుతున్నారు.

పిల్లల ముఖాలు తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేనిదే వద్దు. పూజలు, ధూపం, కొన్ని పాటలు అసలు తీయకూడదు, పౌవౌలో అనౌన్సరు కెమెరాలు దింపమన్నప్పుడు వెంటనే దింపాలి. దాతకి వైల్డ్ రైస్ బస్తా ఫోటో, కుట్టిన గౌను ఫోటో పంపండి. ధూపం గురించే ఇంకో మాట, బడి భవనంలో సేజ్ (ధూపానికి వాడే ఆకు) వెలిగించే ముందు భవనం చూసుకునే మనిషికి చెప్పండి, ఫైర్ అలారం మోగి అందరూ మంచులోకి పరిగెత్తాల్సి రావచ్చు.

ఒక పిల్ల "బతకాలని లేదు" అంది. ఏం చేయాలి?

వినండి, ఒంటరిగా వదలకండి, చచ్చిపోవాలనుకుంటున్నావా అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అప్పటికప్పుడు తెగ ఆరోగ్య కేంద్రంలోని కౌన్సిలర్‌కి ఫోన్ చేయండి. ఆత్మహత్య ఆలోచనలు వచ్చినవాళ్లకి సాయం చేసే 988 నంబరు అమెరికాలో 2022 నుంచీ, కెనడాలో 2023 నవంబరు నుంచీ పనిచేస్తోంది, కెనడాలో హోప్ ఫర్ వెల్‌నెస్ అనే లైన్‌లో అడిగితే ఒజిబ్వేలో కూడా మాట్లాడతారు. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి. టీచరు, నర్సు అయితే పిల్లలకి హాని జరుగుతోందని అనుమానం వస్తే చెప్పాల్సిన చట్టబద్ధమైన బాధ్యత మీకుంది, ఒంటారియోలో అయితే అది ప్రతి ఒక్కరి మీదా ఉంది. ఇవన్నీ జరిగినరోజు వెతుక్కోకూడదు, క్లబ్బు తెరిచే ముందే ఆ కౌన్సిలర్ని పిలిచి పిల్లలతో కలిసి భోజనం చేయించండి, ముఖం తెలిసిన మనిషి దగ్గరికే పిల్లలు వెళ్తారు.

ఊళ్లో ఎవరైనా పోతే క్లబ్బు నడపాలా?

ఆటలు ఆపేయాలి. అంత్యక్రియలు చాలాసార్లు కమ్యూనిటీ సెంటర్లోనే జరుగుతాయి, అంటే మీ హాలులోనే. పోయినవాళ్ల ప్రయాణం నాలుగు రోజులని వాళ్ల నమ్మకం, ఆ రోజుల్లో నిప్పు ఆరకుండా చూస్తారు, వచ్చినవాళ్లందరికీ వండిపెడతారు. కుర్చీలు వేయండి, కాఫీ కలపండి, గిన్నెలు కడగండి. పెద్ద పిల్లలు కట్టెలు మోస్తారు. చిన్న ఊరు కదా, పోయినవాళ్లు సగం మంది పిల్లలకి చుట్టాలే అవుతారు, ఆ వారం వాళ్లకి కావాల్సింది మిమ్మల్ని తమ మధ్య చూడటమే.

మేం రిజర్వేషన్‌లో లేము, సిటీలో ఉన్నాం. ఇదంతా వర్తిస్తుందా?

చాలావరకు. మినియాపోలిస్‌లో ఒజిబ్వేలు పెద్ద సంఖ్యలో ఉన్నారు, తెగల హక్కుల కోసం పోరాడిన అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్ 1968లో పుట్టింది అక్కడే. సిటీలో కౌన్సిల్ బదులు ఇండియన్ సెంటర్లు ఉంటాయి, పిల్లలు డకోటా, హో-చంక్ లాంటి వేరే తెగల వాళ్లతో కలిసి ఉంటారు కాబట్టి ఒక్క ఒజిబ్వే పద్ధతే అనకూడదు. ఒంటారియోలోని థండర్ బే నగరం సంగతి వేరు. ఉత్తరాన దారిలేని ఊళ్లలో హైస్కూలు లేక పిల్లలు విమానమెక్కి అక్కడికొచ్చి పరాయి ఇళ్లలో ఉంటూ చదువుకుంటారు. 2000 నుంచి 2011 మధ్య అలా వచ్చిన ఏడుగురు చనిపోయారు, 2016లో ముగిసిన విచారణలో 145 సిఫార్సులు వచ్చాయి. థండర్ బేలో ఉన్న తెలుగువాళ్లెవరైనా ఇది చదువుతుంటే, శుక్ర, శనివారాల రాత్రి ఆ పిల్లలకి వెచ్చగా కూర్చునే చోటు ఒకటి నడుపుతున్నవాళ్లని వెతికి సాయంగా వెళ్లండి.

ఇద్దరే వస్తున్నారు. మూసేయాలా?

ఆ ఇద్దరికీ వండండి. మంచు తుఫాను రోజు తప్ప రద్దు చేయకండి. వచ్చినవాళ్ల లెక్క అడిగే నిధులకంటే, తెరిచిన రోజుల లెక్క అడిగే నిధులు వెతకండి.

నా కాంట్రాక్టు రెండేళ్లే. తర్వాత ఏమవుతుంది?

అందుకే మొదటిరోజు నుంచీ తాళంచెవి ఊరిమనిషి దగ్గర ఉండాలి. జీతమిచ్చే పదవి ఒక్కటే ఉంటే అది ఊరివాళ్లకే వెళ్లాలి, మీరు వాలంటీరుగా ఉండండి. ఫోన్ నంబర్లు, వ్యాన్ దారులు, ఎవరికి ఏ అలర్జీ ఉందో, రసం పట్టే గొట్టాలు ఏ గదిలో ఉన్నాయో అన్నీ మీ లాప్‌టాప్‌లో కాకుండా క్లబ్బు బీరువాలోని ఒక పుస్తకంలో రాసి ఉంచండి. వెళ్లే తేదీ తెలియగానే పిల్లలకి చెప్పండి, ఆఖరి వారంలో చెప్పడం అన్యాయం. మళ్లీ వస్తానని మాత్రం వచ్చేట్టయితేనే అనండి. బ్యాంకు ఖాతాలో మీ సంతకం ఉంటే దాన్ని మార్చడానికి కౌన్సిల్ ఆమోదం కావాల్సి వస్తుంది, ఆ కాగితం కనీసం మూడు నెలల ముందే కదిలించండి.